చెరువు మీద చెత్త ఏరే పడవ: పోటీ స్టాలు దాకా

పర్యావరణం మీద పిల్లల రోబో పోటీ అనగానే బడిలో ముందుగా బయటికొచ్చేది మోటార్ల డబ్బా. దాన్ని కొన్నాళ్లు బీరువాలోనే ఉండనివ్వండి. ముందు చదవాల్సింది నిబంధనలు, ఆ తర్వాత చూడాల్సింది చెరువు.

ఈ పోటీల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది బల్ల మీద ఆట. నిర్వాహకులే పటం పరిచి, రంగు దిమ్మలు పేర్చి, వాటినే చెత్త అనీ చెట్లు అనీ అనుకోమంటారు. ఫస్ట్ లెగో లీగ్ 2015-16లో చెత్తను, 2024-25లో సముద్రాన్ని అంశంగా తీసుకుంది. అక్కడ ఒక్కో రౌండు రెండున్నర నిమిషాలే. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి ఫస్ట్ గ్లోబల్ చాలెంజ్‌లో నీలం బంతులు మంచినీళ్లు, నారింజ బంతులు కాలుష్యం. ఈ రకం ఆటకు పడవ పనికిరాదు. రెండో రకంలో సమస్యనూ యంత్రాన్నీ జట్టే ఎంచుకుంటుంది. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో దీన్ని ఫ్యూచర్ ఇన్నోవేటర్స్ విభాగం అంటారు. 2004లో సింగపూర్‌లో మొదలైన ఆ ఒలింపియాడ్ ప్రపంచ ఫైనల్ 2016లో మన దేశంలోనే, ఢిల్లీ ప్రాంతంలో, చెత్త నిర్వహణ అంశం మీదే జరిగింది. 2024లో తుర్కియేలోని ఇజ్మీర్‌లో భూమికి తోడుగా నిలిచే రోబోలు అన్న అంశం మీద జరిగింది. జట్టులో ఇద్దరు లేదా ముగ్గురు పిల్లలు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న స్టాలు. పడవ చేయాలనుకునే జట్టు ఈ చివరి కొలతను గుర్తుపెట్టుకోవాలి. చెరువు అందులో పట్టదు.

గట్టు మీద పని

చెరువు దగ్గరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గాలి తిరిగిన రోజు ఇంకోసారి వెళ్లి రావాలి. తేలే చెత్త చెరువంతా సమానంగా పరుచుకుని ఉండదు. గాలి వాటున ఒక మూలకో, తూము పక్కకో, కాలువ కలిసే చోటికో చేరుతుంది. ఈ సంగతి జాలరికి అడక్కుండానే తెలుసు. “తాతా, చెత్త ఎక్కువగా ఎటు చేరుతుంది?” అని అడిగితే, “గాలి ఎటు కొడితే అటే బిడ్డా. మీ మిషను గాని నా వల దిక్కు రావద్దు” అని రెండో మాట కూడా కలిపి చెప్తాడు. ఆ రెండో మాటనూ నోటుబుక్కులో రాసుకోవాలి. పడవ ఏ దారిలో తిరగకూడదో అందులో ఉంది.

తర్వాత ఒక మూల, గట్టు మీద నిలబడే, పొడవాటి కర్రకు కట్టిన జాలీతో చెత్త తీసి రకాలుగా విడదీసి తూచాలి. పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, నీళ్ల సీసాలు, థర్మోకోల్ ముక్కలు, పూజ పూలు, కొబ్బరి చిప్పలు, గుర్రపుడెక్క. పూలు కుళ్లి నీళ్లలో కలుస్తాయి, ప్లాస్టిక్ కలవదు. గుర్రపుడెక్క సంగతి వేరే. దాని బరువులో పది వంతులకు తొమ్మిది వంతులు నీళ్లే ఉంటాయి, వేళ్లు గుబురుగా అల్లుకుంటాయి. బడిపిల్లల పడవ దాని జోలికి పోతే మోటారు కాలిపోతుంది. అది మనుషులు, పెద్ద యంత్రాలు చేసే పని. “మా పడవ గుర్రపుడెక్క తీయదు” అని పోస్టరు మీద రాసుకోవడానికి జట్టు వెనకాడకూడదు. చెరువును మొత్తం శుభ్రం చేస్తామని రాసిన పోస్టర్లు జడ్జీలు చాలానే చూసి ఉంటారు.

ఇక్కడే ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి. అసలు మన యంత్రం కదలాలా? అమెరికాలోని బాల్టిమోర్ రేవులో 2014 నుంచి మిస్టర్ ట్రాష్ వీల్ అనే యంత్రం పనిచేస్తోంది. అది ఎక్కడికీ పోదు. ఏరు వచ్చి కలిసే చోట నిలబడి, ప్రవాహంతోనూ సౌరవిద్యుత్తుతోనూ చక్రం తిప్పి, కొట్టుకొచ్చిన చెత్తను పట్టీ మీదుగా తొట్టెలోకి ఎక్కిస్తుంది. కాలువ కలిసే చోట చెత్త ఆగే చెరువైతే కదిలే పడవ కంటే అడ్డంగా కట్టిన తేలే కంచె మేలు. మన చెరువులో ప్రవాహం లేదు, చెత్త గాలితో పాటు మూలలు మారుతుంది, కాబట్టి కదిలే పడవ కావాలి. కారణం ఇదని పిల్లలు తమ నోటితో చెప్పగలిగినప్పుడే మోటార్ల డబ్బా తెరవాలి.

పైపుల పడవ

పడవను తేల్చడానికి చవకైనది 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, అంటే ప్లంబరు నాలుగు అంగుళాల పైపు అనేది. మీటరు పైపు పూర్తిగా మునిగితే సుమారు 9.5 లీటర్ల నీటిని తోస్తుంది, అంటే 9.5 కిలోల బరువు మోస్తుంది. 1.2 మీటర్ల పైపులు రెండు తీసుకుంటే దాదాపు 23 కిలోలు. కానీ పైపులు సగం వరకే మునగాలి, లేకపోతే చిన్న అలకే నీళ్లు పైకెక్కుతాయి. అప్పుడు మన చేతిలో ఉన్నది పదకొండు కిలోల చిల్లర. పైపుల బరువు, బ్యాటరీ, మోటార్లు, చట్రం, తడి చెత్త అన్నీ ఇందులోనే సర్దాలి. ఎనిమిదో తరగతి పుస్తకంలోనో తొమ్మిదో తరగతి పుస్తకంలోనో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడ మార్కుల కోసం కాకుండా అక్కరకొస్తుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి, ఆ కాగితాన్నే జడ్జీలకు చూపించాలి.

హ్యాక్సా బ్లేడుతో పైపు కోసి, అంచుల్ని ఆకురాయితో నునుపు చేయాలి. క్యాపు కూర్చునే చోట గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, పైపుకూ క్యాపుకూ రెండింటికీ సాల్వెంటు రాసి, పావు చుట్టు తిప్పుతూ నొక్కాలి. రెండో క్యాపు బిగించే ముందు పైపులోపల మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు కుక్కితే మంచిది. ఎక్కడైనా పగులు పడి నీళ్లు చేరినా పడవ మునగదు. ఒక రోజంతా ఆరనిచ్చి, నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకోవాలి. బుడగలు వచ్చిన చోట మార్కరుతో సున్నా చుట్టి, ఆరాక ఎంసీల్ పెట్టాలి. తొందరపడి తడి మీద పెట్టిన ఎంసీల్ ఊడిపోతుంది.

రెండు పైపుల మధ్య అర మీటరు దూరం ఉంచి, అల్యూమినియం ఎల్ యాంగిళ్లు అడ్డంగా వేసి క్లాంపులతో బిగించాలి. పైపుకు బెజ్జాలు వేయొద్దు. ఒక్క స్క్రూ బెజ్జం చాలు, అంతా మళ్లీ మొదటికి.

నడపడానికి నీటిలో తిరిగే ఫ్యాను పెడదామని పిల్లలకు ఉబలాటంగా ఉంటుంది. ప్లాస్టిక్ సంచులున్న చోట అది తిరగదు, దారాలూ కవర్లూ చుట్టుకుని ఆగిపోతుంది. తెడ్డు చక్రాలు మేలు. గట్టి పీవీసీ షీటు ముక్కలతో చక్రానికి ఆరు రెక్కలు, పక్కకొక చక్రం, ఒక్కోదానికి నిమిషానికి 60 నుంచి 100 చుట్లు తిరిగే 12 వోల్టుల గేరు మోటారు. రెక్క రెండు మూడు అంగుళాలే మునగాలి. లోతుగా మునిగితే పడవను తోయడం మాని నీళ్లను పైకెత్తుతూ బ్యాటరీ తాగేస్తుంది. మలుపు తిప్పడానికి చుక్కాని అక్కర్లేదు. ఎడ్లబండిని మలిపేటప్పుడు ఒక ఎద్దును నిలిపి రెండోదాన్ని అదిలించినట్టు, ఒక చక్రం ఆపి రెండోది తిప్పితే చాలు.

చెత్త పట్టే భాగం దగ్గరే జట్లు ఎక్కువ కాలం పోగొట్టుకుంటాయి. తిరిగే పట్టీ చూడ్డానికి బాగుంటుంది, కానీ రోలర్లు వంకరపోవడం, పట్టీ జారడం, అదనపు మోటారు, అదనపు బరువు, ఇవన్నీ దానితో పాటే వస్తాయి. మొదటి పడవకు పైపుల మధ్య వేలాడే జాలీ బుట్ట చాలు. పడవ ముందుకు వెళ్తుంటే చెత్త దానంతట అదే లోపలికి వస్తుంది. వెనక్కి తిరిగితే బయటికి పోతుంది కాబట్టి బుట్ట నోటికి లోపలివైపే తెరుచుకునే రెక్క ఒకటి పైనుంచి వేలాడదీయాలి. ఎక్స్‌రే ఫిల్ము ముక్కతో చేసినా పనిచేస్తుంది. జాలీ కన్ను మరీ చిన్నదైతే నీళ్లు సాగక పడవ నిలబడిపోతుంది, పైగా చేపపిల్లలు చిక్కుతాయి. అర అంగుళం కన్నుతో మొదలుపెట్టి చూడాలి. గుట్కా కవర్లు కొన్ని జారిపోతాయి, పోనీయండి. ప్రతి విడత బుట్టలో చేపపిల్లలు, నత్తలు ఎన్ని వచ్చాయో కూడా లెక్క రాయాలి. చెత్త బరువు రాసే జట్లు చాలా ఉంటాయి, ఇది రాసే జట్లు అరుదు. పర్యావరణం పేరు మీద జరిగే పోటీలో నాకు ఈ లెక్కే ముఖ్యమనిపిస్తుంది.

తీగలు, డబ్బా

ఆర్డుయినో ఊనో బోర్డు, ఎల్298ఎన్ మోటారు డ్రైవరు, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడిలో బోర్డులు, మోటార్లు లాంటివి చాలావరకు బీరువాలోనే దొరుకుతాయి. నీతి ఆయోగ్ కింద ఉన్న అటల్ ఇన్నోవేషన్ మిషన్ 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం ఈ ల్యాబ్‌లు పెట్టింది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడమే కొన్ని చోట్ల మొదటి మెట్టు.

ఎల్298ఎన్ ఒక్కో మోటారుకు 2 ఆంపియర్లకు మించి మోయలేదు. పైగా తన వేడికి దాదాపు 2 వోల్టులు తినేస్తుంది. బ్యాటరీ 12 ఇస్తే మోటారుకు అందేది 10. రెక్కకు ఏదో చుట్టుకుని మోటారు బిగుసుకుంటే కరెంటు ఒక్కసారి ఎగబాకుతుంది, అందుకే బ్యాటరీ తీగలో ఫ్యూజు తప్పనిసరి. అన్నీ కలిపాక చక్రాలు పిచ్చిపట్టినట్టు తిరిగినా, అసలు తిరగకపోయినా ముందు చూడాల్సింది గ్రౌండు తీగ. ఆర్డుయినో గ్రౌండు, డ్రైవరు గ్రౌండు ఒకదానికొకటి కలిసి ఉండాలి. ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ సాయంత్రాలు గడిపేసిన జట్ల దగ్గర చాలాసార్లు ఆ ఒక్క తీగే ఉండదు.

మోటార్లు చెరి ఒక ఆంపియరు లాగితే లెక్క ప్రకారం మూడున్నర గంటలు నడవాలి. కానీ ఈ రకం బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది. గంటన్నర అని లెక్క పెట్టుకుని, ఆలోపే గట్టుకు తెచ్చేయాలి. రెండు కిలోలకు పైగా ఉండే దీన్ని నడిమధ్యన, వీలైనంత కిందికి బిగిస్తే పడవ ఒరగదు.

తరగతి గదిలో నడిచే బ్లూటూత్ మాడ్యూలు చెరువులో సరిపోదు, పది మీటర్లు దాటితే దాన్ని నమ్మలేం. బొమ్మ విమానాలకు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రిమోటు, రిసీవరు కొనడం మంచిది. ప్రోగ్రాంలో ముందుగా రాయాల్సింది ముందుకు, వెనక్కు అన్న ఆజ్ఞలు కాదు. రెండు సెకన్ల పాటు ఏ ఆజ్ఞా అందకపోతే చక్రాలు ఆపేయాలి అన్న నియమం. సిగ్నలు పోయినప్పుడు కొన్ని రిసీవర్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి, కాబట్టి రిమోటు ఆపేసి పడవ నిజంగా ఆగుతోందో లేదో నేల మీదే చూసుకోవాలి. దీనికి తోడు పడవ వెనక ఎప్పుడూ నైలాను తాడు కట్టి ఉండాలి. ప్రోగ్రాం ఎంత బాగున్నా తాడు విప్పొద్దు. ఆగిపోయిన పడవ కోసం ఏ పిల్లా ఏ పిల్లాడూ నీళ్లలోకి దిగకూడదు.

బోర్డులన్నీ రబ్బరు అంచున్న టిఫిన్ డబ్బాలో పెట్టి, తీగలు డబ్బా కింది వైపు నుంచి బయటికి తీయాలి. తీగ డబ్బాను చేరే ముందు కాస్త కిందికి వంగి పైకి లేస్తే నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. మూత బిగించిన డబ్బా ఎండలో వేడెక్కుతుంది, పైన తెల్ల కాగితమో అట్టో కప్పాలి.

నీళ్లలోకి

మొదట బడి తొట్టి, తర్వాత గాలి లేని పొద్దున చెరువు అంచు, ఆ తర్వాతే గాలి ఉన్న రోజు. పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లు, పిల్లలకు లైఫ్ జాకెట్లు. ఒక్కో విడత నిమిషాలు, పట్టిన చెత్త బరువు, మొదట్లో చివర్లో బ్యాటరీ వోల్టేజి, గాలి దిక్కు, చిక్కిన ప్రాణులు రాయాలి. ఒక విడతకు ఒక్కటే మార్చాలి. రెక్కల లోతూ జాలీ కన్నూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో ఎవరూ చెప్పలేరు. చెత్త బరువు తడిగా ఒకసారి, ఎండాక ఒకసారి తూచాలి. తడి తూకం అంకెను పెద్దదిగా చూపిస్తుంది, అది ఒక్కటే చెప్పుకోవడం నిజాయితీ కాదు.

పట్టిన చెత్త ఎటు పోతుంది? చాలా జట్లు నీళ్లు నమిలేది ఈ ప్రశ్న దగ్గరే. గట్టు మీద కుప్ప పోస్తే వానకు మళ్లీ చెరువులోకే వస్తుంది. పంచాయతీ చెత్త బండి ఏ రోజు వస్తుందో కనుక్కుని, పడవ నడిపే రోజును దానికి సరిపెట్టుకోవాలి. సీసాలు పాత సామాన్ల అతను తీసుకుంటాడు. పలచటి కవర్లు తీసుకోడు, ఆ సంగతీ అలాగే చెప్పాలి.

పోటీ రోజుకు స్టాల్లో పడవను స్టాండు మీద ఎత్తి పెట్టి చక్రాలు తిప్పి చూపించవచ్చు. నిబంధనలు ఒప్పుకుంటే చిన్న తొట్టిలో ఒక చక్రాన్ని, బుట్ట నోటి రెక్కను విడిగా ఆడించవచ్చు. చెరువులో నడిచిన వీడియో, ఎక్కడా కత్తిరించనిది, పక్కన ఉండాలి. తీగలు కలిపిన పిల్లే తీగల గురించి చెప్పాలి, జాలరితో మాట్లాడిన పిల్లాడే ఆ సంగతి చెప్పాలి. అంతర్జాతీయ స్థాయిలో ఇంగ్లీషు తప్పదు. అయినా సాధన తెలుగులోనే మొదలుపెడితే, విషయం తెలియక తడబడుతున్నారా, మాట రాక తడబడుతున్నారా అన్నది తేలిపోతుంది. మాస్టారు స్టాలు బయట ఉండాలి. జట్టు పనిని పెద్దలు చేయకూడదని నిబంధనలే చెప్తాయి.

పోటీ అయ్యాక బుట్ట కడిగి ఆరబెట్టాలి, మోటారు ఇరుసులకు గ్రీజు రాయాలి, బ్యాటరీ తీగలు విప్పేయాలి. వేసవి సెలవుల్లో ఆ బ్యాటరీని చార్జింగు లేకుండా స్టోరు గదిలో వదిలేస్తే జూన్‌లో అది పనికిరాదు. నెలకోసారి చార్జి పెట్టే పనిని బడికి దగ్గర్లో ఇల్లున్న పిల్లకో పిల్లాడికో అప్పగించి, పేరూ తేదీలూ డబ్బా మూత మీద రాయాలి.