పిడుదు కాటు, కోతుల మృతి: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పిడుదును ఎరుగని రైతు లేడు. కొన్ని ప్రాంతములవారు దీనినే గోమారి యందురు. ఎద్దు గంగడోలు క్రిందను, ఆవు పొదుగు ప్రక్కను, కుక్క చెవులలోను రక్తము త్రాగి ఆముదపు గింజవలె ఉబ్బి వ్రేలాడు ఈ పురుగును మనము గోటితో పెరికి, చితుకగొట్టి మరచిపోవుదుము. (ఆముదపు చెట్టునకు శాస్త్రజ్ఞులు వాడు లాటిన్ పేరునకు పిడుదు అనియే అర్థము. మనకు తోచిన పోలికయే వారికిని తోచినది.) అది పశువునకు పట్టిన పీడ మాత్రమే యని మన యెన్నిక. మనుష్యుని ప్రాణము మీదికి కూడ అది తేగలదని మన పొరుగు రాష్ట్రపు పల్లెలు కొన్ని కష్టపడి నేర్చుకొన్నవి. ఆ కథను ముందుగా చెప్పెదము.

1957వ సంవత్సరము మార్చి నెలలో, అప్పటి మైసూరు రాష్ట్రమున షిమోగా జిల్లా సొరబ తాలూకాయందు, క్యాసనూరు అను అడవి అంచున నున్న గ్రామములలో తీవ్రమైన జ్వరములు వ్యాపించినవి. అదే కాలమున అడవిలో కొండముచ్చులును, కోతులును వరుసగా చచ్చిపడుచుండుట గ్రామస్థులు చూచిరి. ఈ రెండింటికిని సంబంధము కలదని వారికి ఎవరును చెప్పలేదు. వారే గ్రహించి ఆ జ్వరమునకు 'మంగన కాయిలె', అనగా కోతి జబ్బు, అని పేరు పెట్టిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు వచ్చి పరీక్షలు ప్రారంభించిరి. దక్షిణ అమెరికాలో కోతులను చంపి మనుష్యులకు సోకు ఎల్లో ఫీవర్ మన దేశమున ప్రవేశించెనేమో యని మొదట భయపడిరి. పరిశీలింపగా అది కాదనియు, రష్యాలో పిడుదుల మూలమున వచ్చు మెదడు జ్వరపు వైరస్‌కు దగ్గరి చుట్టమైన క్రొత్త వైరస్ అనియు తేలినది. దానిని మోయునది పిడుదు. నేడు ఆ వ్యాధిని క్యాసనూరు అడవి జ్వరమని పిలుచుచున్నారు.

పిడుదు సాలీడు, తేలు జాతికి చేరిన జీవి. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లు. రక్తము త్రాగి కుబుసము విడిచిన తరువాత ఎనిమిది కాళ్లు వచ్చును. అప్పటికిని అది నువ్వుగింజ కంటె చిన్నదే. ఎగురలేదు, దుమకలేదు. గడ్డిపరక కొననో, రాలిన ఆకు మీదనో ముందు కాళ్లు చాచి కూర్చుండి, ప్రక్కగా పోవు ప్రాణిని పట్టుకొనును. క్యాసనూరు జ్వరమును మనుష్యులకు అంటించునది ముఖ్యముగా ఈ మధ్య దశలోని చిన్న పిడుదే. డిసెంబరు మొదలు మే వరకు దాని కాలము. పంట పనులు తగ్గి, జనులు వంటచెరకునకును, పెంట కొరకు ఎండుటాకులు ఊడ్చుటకును అడవికి పోవు కాలమును అదియే.

అడవిలోని ఎలుకలు, చుంచులు మొదలగు చిన్న జంతువుల యందును, పిడుదుల యందును ఈ వైరస్ సద్దుమణిగి యుండును. కోతికి సోకినప్పుడు మాత్రము అది చచ్చును. చచ్చిన కళేబరము చల్లబడగనే దానిని పట్టియున్న పిడుదులన్నియు దిగి చుట్టుప్రక్కల ప్రాకును. కావున కోతి పడిన చోటు కొంతకాలము అత్యంత ప్రమాదకరమైన స్థలమగును. పశువుల సంగతి వేరు. పశువునకు ఈ జబ్బు రాదు గాని, ఎదిగిన పిడుదులకు కావలసినంత రక్తము దొరకునది పశువుల యొద్దనే. అడవి నరికి పొలము చేయుట, ఆ అంచులలో మందలను మేపుట, పిడుదులు పెరుగుట, ఇవి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఇందులో తప్పు పశువులది కాదు, పేదవాని మేపుది కూడ కాదు. అడవి అంచును ఎంతవరకు నెట్టుదుమను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది మనమే.

కాటు పడిన మూడు మొదలు ఎనిమిది దినములలో చలితో కూడిన జ్వరము, నుదుట భరింపరాని నొప్పి, కండరముల పోటు హఠాత్తుగా వచ్చును. కొందరికి వాంతులు, చిగుళ్లనుండియు ముక్కునుండియు రక్తస్రావము కలుగును. తగ్గినట్లే తగ్గి, ఒకటి రెండు వారములకు మరల జ్వరము వచ్చి మెదడును బాధించుటయు కలదు. నూరుగురిలో ముగ్గురు మొదలు ఐదుగురు మరణించుచున్నారు. దీనిని చంపు మందు నేటికిని లేదు. సకాలమున ఆసుపత్రిలో చేర్చి కాపాడుకొనుటయే చికిత్స. ఒకరినుండి ఒకరికి అంటదు గనుక రోగిని వెలివేయవలసిన పని లేదు. కర్ణాటకలో 1990 నుండి టీకా వేసిరి గాని, దాని బలము చాలదని 2022లో నిలిపివేసిరి. క్రొత్త టీకా తయారీలో హైదరాబాదునందలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పాల్గొనుచున్నది.

చాలకాలము షిమోగాకును, ప్రక్క జిల్లాలకును పరిమితమైన ఈ వ్యాధి 2012 తరువాత బందీపురము, నీలగిరులు, వయనాడు, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గము వరకు కనబడినది. 2018 చివరను, 2019లోను సాగర తాలూకా అరలగోడు గ్రామ పంచాయతీ పరిధిలో ప్రాణనష్టము కలిగినది. మన యువకులు పడమటి కనుమలకు కాలినడక యాత్రలకై పోవుట నేడు సామాన్యమైనది గనుక ఇది మనకు దూరపు వార్త కాదు.

ఇంకను దూరమున నున్న వారి సంగతి యొకటి. మన గ్రామములనుండి అమెరికాకు పోయిన బిడ్డలు ఎందరో ఆ దేశపు ఈశాన్య రాష్ట్రములలో నున్నారు. అచ్చటి అడవి దారులలో నడచువారికి పిడుదు కాటువలన లైమ్ అను వ్యాధి వచ్చును. కనెక్టికట్ రాష్ట్రములోని లైమ్ అను ఊరి పేరే దానికి వచ్చినది. పిల్లలకు వరుసగా కీళ్లు వాచుచున్నవని 1975లో మొదట పట్టుబట్టి అధికారులకు తెలిపినది ఆ ప్రాంతపు తల్లులే. దానికి కారణమైన సూక్ష్మజీవిని బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనినట్లు ప్రకటించుట 1982లో. కాటు చుట్టును ఎఱ్ఱని వలయము ప్రాకుట దీని ముఖ్య లక్షణము. ఇది వైరస్ కాదు, బాక్టీరియా. డాక్సీసైక్లిన్ వంటి మందులతో కుదురును. బిడ్డలను చూడ అక్కడికి పోవు తల్లిదండ్రులును ఈ మాట గుర్తుంచుకొనవలెను.

మన యింటి సంగతికి వత్తము. పిడుదు జాతికే చెందిన కంటికి కనబడని పొదల పురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను కలదు. వానల తరువాత, పొదలు పెరిగినప్పుడు ఎక్కువగును. చంకలోనో, గజ్జలోనో, బట్ట బిగిసిన చోటనో చుట్ట నిప్పు తగిలినట్లు నల్లని పెచ్చు ఉండును. నొప్పి లేనందున రోగి దానిని చెప్పడు, అడిగి చూడవలెను. సకాలమున డాక్సీసైక్లిన్ ఇచ్చినచో కుదురును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులును మూత్రపిండములును చెడి ప్రాణము పోవును. బడి చుట్టును, చేతిపంపు చుట్టును, ఇండ్ల వెనుకను పెరిగిన పొదలు కొట్టించుట పంచాయతీ చేతిలోని పని. వైద్యుడు వచ్చి చేయునది కాదు.

ఒంటిపై పిడుదు కనబడినచో కిరసనాయిలు పోయుట, బీడీతో కాల్చుట మన అలవాటు. రెండును మానవలెను, అట్లు చేసిన అది కడుపులోని విషమును గాయములోనికి క్రక్కవచ్చును. సన్నని చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, త్రిప్పక, నిదానముగా పైకి లాగవలెను. వ్రేళ్లతో చిదుమరాదు. పిమ్మట సబ్బుతో కడిగి, ఆ తేదీ వ్రాసికొనవలెను. అడవికి పోవువారు నిండు బట్టలు కట్టి, లాగు అంచులు మేజోళ్లలో దోపుకొని, పిడుదులను దూరముంచు తైలము పూసికొని, తిరిగి రాగానే వేడినీటితో స్నానముచేసి బట్టలు ఉడికించుట మేలు.

అడవి అంచున కోతి చచ్చియున్నదని తెలిసినచో పిల్లలను, పశువులను ఆ వైపునకు పోనీయక, ఎవరును చేతితో తాకక, అటవీశాఖ వారికిని, పశువైద్యునికిని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును అదే దినమున తెలుపవలెను. మన పల్లెలలో కోతి చచ్చిన హనుమంతుడని భక్తితో ఎత్తి, ఊరేగించి, పూడ్చు ఆచారము కలదు. ఆ భక్తిని మేము కాదనము. పరీక్షకై నమూనా తీసి, పొడి మందు చల్లి, అధికారులు అనుమతించిన తరువాతనే ఆ కార్యము జరుగవలెనని మాత్రము కోరుచున్నాము. ఇందులకై పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, చచ్చిన కోతి కనబడిన చోటు, తేదీ, చూచినవారి పేరు, ఆ తరువాతి నెలలో ఆ వైపు ఇండ్లలో వచ్చిన జ్వరములు ఆశా కార్యకర్తచే వ్రాయించవలెను.