ఎక్కాలు వచ్చు, లెక్క తప్పుతుంది

అమ్మీ,

నీ ఉత్తరం అందింది. నాలుగో తరగతి పిల్లోడు పదమూడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడనీ, లెక్క వెయ్యమంటే మాత్రం తప్పులేననీ, తోటి టీచర్లు వాణ్ణి సోమరి అంటున్నారనీ రాశావు. ఆ మాట నువ్వు ఒప్పుకోవద్దు. 46కు 7 కలిపి 116 వేశాడన్నావే, విషయమంతా అందులోనే ఉంది. వాడికి కూడిక వచ్చు. ఆరు కింద వెయ్యాల్సిన ఏడును నాలుగు కింద వేశాడు. తప్పింది చోటు.

ఎక్కాలు చెవితో పట్టుబడతాయి. లెక్కలో ఏ అంకె ఎక్కడుంది, అప్పు ఏ స్థానం నుంచి తెచ్చాం అనేది కళ్లముందున్నట్టు మనసులో నిలవాలి. విన్నదాన్ని పట్టి ఉంచే జ్ఞాపకమూ, చూసిన చోటును పట్టి ఉంచే జ్ఞాపకమూ వేరువేరని బ్యాడ్లీ, హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పరిశోధన చెబుతుంది. అది 1974 నాటి మాట. కేంబ్రిడ్జిలో స్యూచ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చదవడం బాగానే వచ్చి లెక్కల్లో మాత్రం బాగా వెనకబడిన తొమ్మిది, పదేళ్ల పిల్లల్లో చూసిన చోటును పట్టి ఉంచే ఆ జ్ఞాపకం బలహీనంగా కనిపించింది. లెక్క రాని ప్రతి పిల్లోడికీ కారణం ఇదే అనుకోకు. భయం ఉండొచ్చు, చూపు సరిలేకపోవచ్చు, కింది తరగతి పాఠమే అందకపోయి ఉండొచ్చు.

వాడి ఇబ్బంది ఇదేనేమో చూడాలంటే, వామనగుంటల పీట ముందుపెట్టి మూడు గుంటలు ఒకదాని తర్వాత ఒకటి తాకు. అదే వరుసలో వాణ్ణి తాకమను. నాలుగు, ఐదు, అలా పెంచు. కోర్సీ అనే ఆయన 1970ల్లో చెక్కదిమ్మెలతో చేసిన పరీక్ష ఇలాంటిదే. అయితే దీన్నిబట్టి వాడికి ఏ ముద్రా వెయ్యవద్దు. ఎక్కడ సాయం కావాలో నీకు తెలిస్తే చాలు.

గళ్ల నోటుబుక్కు ఇవ్వు, గడికో అంకె. తెచ్చిన అప్పు పైన రాయనివ్వు, మనసులో పెట్టుకోమనొద్దు. బోర్డు చూసి తల దించేలోపల వాడికి చోటు చెదిరిపోతుంది, అందుకే లెక్కను చీటీ మీద రాసి పక్కన పెట్టు. పుల్లల కట్టలతో పదులు చేయించు. జ్ఞాపకశక్తి పెంచుతామనే ఫోన్ యాప్‌లకు వాళ్ల అమ్మ డబ్బు పెట్టకుండా చూడు. వాటితో ఆ ఆటలో నేర్పు వస్తుందే గానీ, లెక్కల్లో మెరుగవుతారనడానికి గట్టి ఆధారం లేదు.

వీలు చూసుకుని మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు పల్లెల్లో నడిపే చిన్న బళ్లు చూసి రా. పాఠాల్లో తను ఏ మెట్టు మీదున్నాడో అక్కడి పిల్లోడికే తెలుస్తుంది, దానికి తగిన పాఠం కార్డు తనే తీసుకుంటాడు. అందరూ ఒకే రోజు ఒకే పాఠం ముగించాలనే పరుగు అక్కడ లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇవన్నీ కొన్ని నెలలు చేశాక కూడా మార్పు లేకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉన్న భవిత కేంద్రం టీచర్లతో మాట్లాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్కాల్క్యులియాను, అంటే లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందిని, గుర్తించింది, కాబట్టి సాయం అడగడం వాడి హక్కు. ఈలోగా వాణ్ణి వెనక బెంచీ నుంచి ముందుకు తెచ్చి కూర్చోబెట్టు తల్లీ.

ఆశీస్సులతో,
మీ పెదనాయన