చిట్కా అచ్చుకు ముందు – పంచవిధ పరీక్ష

ఇంటింటా అనుభవంలో ఉన్న చిట్కాలను పదిమందికీ మేలు కలగాలన్న సద్భావంతో పత్రికలకు వ్రాసి పంపే పాఠకులు అనేకులు. కాని ఇంటి పెద్దమ్మ తన మనుమనికి మందు అరగదీసి ఇవ్వడం వేరు. అదే మాట అచ్చులో వేల ఇళ్ళకు చేరడం వేరు. పెద్దమ్మకు బిడ్డ ఎదుట ఉంటాడు. అచ్చు అక్షరానికి రోగి కనిపించడు. కనుక యోగాన్ని ప్రకటించే ముందు పరీక్షించడం అవశ్యం.

ఇది మనకు క్రొత్త పద్ధతి కాదు. వైద్యవిద్యార్థి ముందుగా శాస్త్రగ్రంథాన్నే పరీక్షించి ఎన్నుకోవాలని చరక సంహిత విమానస్థానం 8వ అధ్యాయం ఆదేశిస్తున్నది. అధ్యయన, అధ్యాపనాలతోపాటు తద్విద్య సంభాషను, అనగా ఆ విద్య నెరిగినవారితో చర్చను, జ్ఞానోపాయంగా చెప్పినది. గురుకులంలో మా గురువుగారు శ్లోకం అప్పజెప్పినంత మాత్రాన తృప్తి చెందేవారు కారు. ఆ మూలికను తెచ్చి చూపమనేవారు. ఆ శిక్షణ ననుసరించి నేను ప్రతి యోగాన్నీ ఐదు విధాల పరిశీలిస్తాను.

1. ద్రవ్యం: బ్రాహ్మి అంటే కొందరు జలబ్రాహ్మిని, కొందరు సరస్వతి ఆకును తెస్తారు. రాస్న పేరుతో దక్షిణాదిలో దుంపరాష్ట్రాన్ని, ఉత్తరాదిలో వేరొక మొక్కను వాడతారు. కనుక వాడుక పేరు, శాస్త్రనామం రెండూ ఉండాలి.

2. మానం: శాస్త్రంలోని పలం నేటి లెక్కలో 48 గ్రాములు, పూర్వం మన అంగళ్ళలో పలమంటే 3 తులాలు, సుమారు 35 గ్రాములు. కనుక గ్రాములలోనే వ్రాయాలి.

3. కల్పన: "కషాయం కాచి" అంటే చాలదు. ఎన్ని నీళ్ళు, ఎంత మిగలాలి అన్నది చెప్పాలి. తేనె, నెయ్యి సమభాగాలుగా కలపడం శాస్త్ర విరుద్ధం.

4. పాత్రత: ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు, బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు. రక్తపోటు ఉన్నవారికి అతిమధురం హాని చేస్తుంది. గర్భిణుల విషయం విడిగా వ్రాయాలి.

5. విషం, అతిశయోక్తి: ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, వత్సనాభి, నల్లజీడి గల యోగాలు గృహవైద్యానికి తగవు. మధుమేహం, క్యాన్సర్ వంటివి నయమవుతాయనే ఔషధ ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. అట్టి వాగ్దానాలు వ్యాసాలలోనూ తగవు.

ఈ ఐదింటిలో నిలిచిన యోగాన్ని, వ్రాసినవారు గాక మరొక వైద్యుడు చదవాలి. పిదప వైద్యం తెలియని గృహిణిచేత చదివించి, ఏమి చేయాలో తిరిగి చెప్పమనాలి. ఆమె తడబడిన చోటల్లా వాక్యాన్ని మార్చాలి. ఎన్నాళ్ళు వాడాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆపి వైద్యుని చూడాలి అనే వాక్యం లేనిదే ప్రతి అచ్చుకు పోరాదు. అచ్చైన పిదప దోషం తెలిస్తే, సవరణను అదే పుటలో, అంతే స్పష్టంగా ప్రకటించాలి.

ఉదాహరణకు "పిల్లల దగ్గుకు తులసి రసం తేనెతో ఇవ్వండి" అనే చిట్కాలో వయస్సు లేదు, మోతాదు లేదు, గడువు లేదు. ఆయాసం, జ్వరం ఉంటే ఏమి చేయాలో లేదు. ఈ నాలుగూ చేరిననాడే అది ప్రకటనకు అర్హం.

పాఠకులు ఏ చిట్కానైనా ఇంట ప్రయోగించే ముందు, అది ఎక్కడ చదివినదైనా సరే, ఈ ఐదు ప్రశ్నలు వేసుకొందురు గాక. సమాధానం దొరకని చోట సమీప వైద్యుని సంప్రదించుటయే శ్రేయస్కరం.