బియ్యం డబ్బాలో సీతాఫలం

ప్రశ్నలు - జవాబులు

ఈ వారం ఉత్తరాలన్నీ వాసనల మీదే వచ్చాయి. ఆశ్వయుజం రాగానే సికింద్రాబాద్ ముక్కు మేలుకుంటుంది కాబోలు. వానలకు మూసిన కిటికీలు తెరుచుకుంటాయి, అటక మీది ట్రంకు పెట్టెలు దిగుతాయి, పండగలు వరస కడతాయి. వచ్చినవాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఆయాసం గురించి రాసినవాళ్లు మాత్రం నా జవాబు కోసం ఎదురు చూడకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ 'పంప్‌కిన్ స్పైస్' అని ఒక కొవ్వొత్తి తెచ్చాడు. అక్కడ సెప్టెంబరు వస్తే ఇంటింటా ఇదే వాసనట. సాయంత్రం హాల్లో వెలిగించాను. మా అత్తగారు గదిలోంచి వచ్చి, "శనివారం పూట బిర్యానీ ఎవరు వండుతున్నారే?" అన్నారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. మన ఇంటికి ఆ 'ఆటమ్' కళ తేవాలంటే ఏం చేయాలి? – ఒక గృహిణి, వెస్ట్ మారేడ్‌పల్లి

జవాబు: మీ అత్తగారి ముక్కుకు నమస్కారం. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పేరులో గుమ్మడి ఉన్నా ఆ వాసన గుమ్మడికాయది కాదు. అమెరికాలో గుమ్మడికాయ 'పై' చేసేటప్పుడు వేసే మసాలాది: దాల్చినచెక్క, జాజికాయ, శొంఠి, లవంగం. 2003లో స్టార్‌బక్స్ ఆ మసాలాతో కాఫీ అమ్మడం మొదలుపెట్టాక అక్కడ అదే ఋతువు వాసన అయి కూర్చుంది. మనకు ఆ దినుసులు గరం మసాలా సీసాలో ఉంటాయి. దాల్చినచెక్క, లవంగం కలిసి ముక్కుకు తగిలితే సికింద్రాబాద్ మనిషికి ప్యారడైజ్ సెంటర్ గుర్తొస్తుంది గానీ ఎర్రబడ్డ ఆకులు ఎందుకు గుర్తొస్తాయి?

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. 'ఆటమ్' అనగానే మనవాళ్లు ఆకురాలు కాలం అని రాసేస్తారు. మన వేప, రావి ఆకులు రాల్చేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాలు మనకు శరత్తు, తడిసిన నేల ఆరే కాలం. నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలేది అక్టోబరు మధ్యలో. కాబట్టి ఇంటికి కొత్త వాసన తెచ్చే ముందు పాత తడి వాసనను సాగనంపాలి. పొద్దున్నే ఎదురెదురు కిటికీలు తెరిచి ఒక గంట వదిలేయండి. పరుపులు, దిండ్లు డాబా ఎక్కించండి. రోజంతా ఎండలో కాగిన దిండు మీద ఆ రాత్రి తల పెట్టి చూడండి.

ఇక అసలు సంగతి సీతాఫలం. దాని పేరు మీద మన ఊళ్లో సీతాఫల్‌మండి అని ఒక పేటే ఉంది. ఈ రోజుల్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి గంపలు దిగుతాయి. అటువైపు బాలానగర్ పేరుతో ఉన్న రకాన్ని పక్క రాష్ట్రాల రైతులు కూడా సాగు చేస్తారు. పండిన పండ్లు కొనకండి, కాయలు కొనండి. కళ్ల మధ్య గీతలు విచ్చుకుని లేతపసుపు తిరిగాయంటే కాయ పక్వానికి వచ్చినట్టే. అరడజను తెచ్చి, ఒక్కోదాన్నీ పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, బియ్యం డబ్బాలో సగం దాకా పూడ్చండి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది తప్ప పండదు. డబ్బాలో పెట్టిన కాయ మర్నాడు చూస్తే ఏమీ ఉండదు, రాయిలా ఉంటుంది. రెండో రోజో, మూడో రోజో పొద్దున అన్నానికి బియ్యం తీయబోతూ మూత ఎత్తుతారు చూడండి, కొవ్వొత్తికి హాల్లోకి వచ్చిన మీ అత్తగారు ఈసారి వంటింట్లోకే వస్తారు. బొటనవేలితో తొడిమ దగ్గర ఒత్తితే లోపలికి దిగాలి. దిగిందంటే ఆ పూటే తినేయండి, మరి ఆగదు. గింజలు పిల్లలు కొరక్కుండా చూడండి. వాటి పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం.

మీ అబ్బాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలే. గుమ్మడీ ఆ ఖండానిదే. బతుకమ్మలో పేర్చే బంతి కూడా మెక్సికో వైపు పువ్వే. వాడు మోసుకొచ్చేదాకా అవి ఆగలేదు, వందల ఏళ్ల కిందటే వచ్చేశాయి. అలాగని కొవ్వొత్తిని పారేయకండి, కరెంటు పోయిన రాత్రి పనికొస్తుంది. వెలిగించే ముందు వత్తిని పావు అంగుళానికి కత్తిరిస్తే మసి తగ్గుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పెద్ద చెట్టు ఉంది. అక్టోబరు వస్తే తెల్లటి గుత్తులు పూస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే ఆ వాసనకు తల పగిలిపోతోంది. కొట్టించేద్దామని కమిటీలో సగం మంది అంటున్నారు. ఏం చెట్టో అది? – కమిటీ కార్యదర్శి, సైనిక్‌పురి

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అది ఏడాకుల పాల. ఒక్కో కణుపు చుట్టూ గొడుగులా ఏడేసి ఆకులు ఉన్నాయేమో లెక్కపెట్టండి, ఒకటి అటూ ఇటూ అయినా అదే. సంస్కృతంలో సప్తపర్ణి. కాళిదాసు కాలం నుంచీ కవులకు శరత్తు అంటే ఈ చెట్టే. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో స్నాతకోత్సవం నాడు పట్టభద్రులకు ఇచ్చేది దీని ఆకులనే. దీని చెక్కతో ఒకప్పుడు పలకలు చేసేవారు, శాస్త్రీయ నామంలో 'స్కాలరిస్' చేరింది అందుకే.

కవులకేం, వాళ్ల పడగ్గది కిటికీ పక్కన చెట్టు ఉండదు. వీధి చివర ఒక చెట్టుంటే హాయి. వరసగా పది ఉంటే తలనొప్పే, మీరు అతి చేస్తున్నారని నేననను. అయినా కొట్టొద్దు. వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం, నోటీసు వచ్చేది కార్యదర్శి పేరు మీదే. పూత కొన్ని వారాల ముచ్చట. వాసన చీకటి పడ్డాక ఎక్కువవుతుంది కాబట్టి ఆ వైపు కిటికీలు సంధ్యవేళకే మూసి, తెల్లవారాక తెరవండి. కొత్తగా నాటే ఆలోచన ఉంటే రెండో వైపు పారిజాతం నాటండి. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా చిన్నప్పుడు చెట్టు కింద రాత్రే పాత దుప్పటి పరిచేవాళ్లం. తెల్లారేసరికి తెల్ల రేకులు, నారింజ కాడలు దుప్పటి నిండా ఉండేవి. నేల మీద రాలినా పూజకు పనికొచ్చే పువ్వు అదొక్కటే అని మా అమ్మ అనేది. ఏరడానికి మాత్రం మమ్మల్ని లేపేది.

ప్రశ్న: మా అమ్మ శుక్రవారం శుక్రవారం ఊదు వేస్తుంది. కార్తీకం నెలంతా రోజూ వేస్తానంటోంది. మాది రెండు గదుల ఫ్లాట్. ఏడాదిన్నర పాప పొగకు దగ్గుతోంది. వద్దంటే "నిన్ను ఊదు పొగలోనే పెంచాను" అంటోంది. – ఒక తల్లి, పద్మారావునగర్

జవాబు: అమ్మ చెప్పింది అబద్ధం కాదమ్మా. మిమ్మల్ని పెంచిన ఇంటికి పైన పెంకుల సందులు, వెనక పెరటి గుమ్మం ఉండి ఉంటాయి. పొగ వచ్చిన దారినే పోయేది. మీ ఫ్లాటులో ఆ పొగ ఎటు పోవాలి? కర్టెన్లలోకి, పాప ఊపిరిలోకి. సువాసన వేసినంత మాత్రాన పొగ పొగ కాకుండా పోదు. పైగా నిప్పు కణికల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనే ఉండదు. ఒక చలికాలం నేనే తెలివితక్కువగా గదిలో కుంపటి పెట్టుకుని తలుపు బిగించుకున్నాను. గంటలో తల దిమ్మెక్కిపోయింది, మా ఆవిడ వచ్చి తలుపు తీసింది కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

ఊదు మానేయమని అమ్మకు చెప్పకండి, చోటు మార్చమనండి. ధూపపాత్రను బాల్కనీలోనో గుమ్మం బయటో పెట్టి, చిటికెడు సాంబ్రాణి వేసి, పొగ తగ్గాక వాసన మాత్రం లోపలికి రానివ్వండి. అప్పుడు పాపను వేరే గదిలో ఉంచండి. దగ్గు ఆగకపోతే పిల్లల డాక్టరుకు చూపించి, ఊదు పూర్తిగా కట్టిపెట్టండి, అక్కడ బేరాల్లేవు. సాంబ్రాణి ఎక్కువగా ఇండోనేసియాలోని సుమత్రా నుంచి, లావోస్ నుంచి వచ్చే చెట్టు బంక. అందులో కాస్త వనిల్లిన్ ఉంటుంది కాబట్టే ఐస్‌క్రీం లాంటి తీపి వాసన. బోనాలప్పుడు మనం వేసే మైసాక్షి వేరు, అది రాజస్థాన్, గుజరాత్‌లలో పెరిగే గుగ్గులు చెట్టుది. ఆ చెట్టు అంతరించే జాబితాలో ఉంది, కాబట్టి దాన్ని పొదుపుగా వాడితే మంచిది.

అమ్మకు ఇంకో పని అప్పగించండి. దీపాల నెయ్యి ఇంట్లోనే కాచమనండి. వెన్న కరిగి, నురగ తగ్గి, అడుగున గసి ఎర్రబడే క్షణంలో ఒక తమలపాకు తుంచి వేసి పొయ్యి ఆపేయాలి. ఆ చిటపటతో పాటు వచ్చే వాసన మీ పాపకు పెద్దయ్యాక కార్తీకం అంటే గుర్తొస్తుంది. పైగా గసిలో కాస్త బెల్లం కలిపి పెడితే మనవరాలు అమ్మమ్మను వదలదు.

ప్రశ్న: పెట్టెలోంచి స్వెట్టర్లు, శాలువాలు తీస్తే అన్నీ కలరా ఉండల వాసనే. రెండుసార్లు ఉతికినా పోలేదు. – బోయిన్‌పల్లి

జవాబు: ఉతకడం ఆపి గాలికి వేయండి. నాఫ్తలీన్ గాలిలో ఆవిరైపోయే పదార్థం. రెండు మూడు రోజులు బాగా గాలి ఆడేచోట, తిరగేసి ఆరేస్తే పోతుంది. పసిపిల్లల బట్టల్లో ఆ ఉండలు అసలు పెట్టొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు వాటివల్ల రక్తకణాలు దెబ్బతింటాయి. వచ్చే ఏడాదికి పెట్టెను బాగా ఎండబెట్టి, ఆరిన వేపాకు, వట్టివేళ్లు పల్చటి గుడ్డలో కట్టి పెట్టండి. అవి కలరా ఉండలంత గట్టి కాపలా కాదు, నెలకోసారి పెట్టె తెరిచి చూసుకోవాలి.

ప్రశ్న: రిటైరయ్యాక అత్తరు సరదా పుట్టింది. ఈ నెలల్లో ఏది పూసుకోవాలి? మా ఆవిడ వద్దంటోంది. – తిరుమలగిరి

జవాబు: ఖస్, గులాబీ ఎండాకాలానికి. శమామా, హినా చలి ముదిరాక, డిసెంబరులో. ఈ మధ్యకాలానికి 'మిట్టీ' అడగండి. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లతో బట్టీ పట్టి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. తొలకరి వాసన సీసాలో ఉంటుంది. పత్తర్‌గట్టిలో దుకాణం మెట్లెక్కి మణికట్టు మీద ఒక్క చుక్క వేయించుకుని, కొనకుండా ఇరానీ చాయ్ తాగి రండి. గంట తర్వాత కూడా నచ్చితే అప్పుడు కొనండి. మీ ఆవిడ వద్దన్నది అత్తరునా, ఎక్కువ పూసుకోవడాన్నా? కనుక్కోండి.

ప్రశ్న: అన్నా, నేను చిలకలగూడల పీజీల ఉంటున్న. మాది జనగామ దిక్కు. ఈసారి సద్దుల బతుకమ్మకు సెలవు దొరకలే. రూముల ముగ్గురం. స్టవ్ లేదు, ఊదుబత్తి ముట్టిస్తే ఓనర్ తిడతడు. ఇల్లు మస్తు యాదికొస్తున్నది. ఏం జెయ్యాలె? – ఒక ఉద్యోగి

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నీకు యాదికొచ్చే వాసన ఏదో ముందు గుర్తు చేసుకో. తంగేడుకు పెద్దగా వాసన ఉండదు, గునుగుకూ అంతే. బతుకమ్మ పేర్చే ఇంట్లో వచ్చేది బంతి కాడలు తుంచినప్పటి ఘాటు, తడిసిన గునుగు కట్టలు, గౌరమ్మను చేసిన పసుపు, వంటింట్లో నువ్వులు వేగే వాసన. అంటే పని జరుగుతున్న వాసన. రూములో ఊరికే కూర్చుంటే అది రాదు.

పొద్దున ఆరింటికల్లా మోండా మార్కెట్‌కు పో. పావు కిలో బంతి, కాసిన్ని చామంతులు తీసుకో. గునుగు దొరికితే అదీ. ఆడపిల్లల పండగ కదా అని సిగ్గుపడకు, గునుగు కోసుకొచ్చేది ఊళ్లల్లో మగపిల్లలే. స్టీలు ప్లేటులో అరచేయంత బతుకమ్మను పేర్చు. అమ్మకు వీడియో కాల్ చేసి, ఏ వరస తర్వాత ఏ వరసో ఆమెనే అడుగు. తప్పు పేరిస్తే తిడుతుంది, ఆ తిట్టు కూడా నీకు యాదికొస్తున్నదాంట్లో భాగమే. సాయంత్రం మీ పీజీకి దగ్గరలో ఆడవాళ్లు ఆడేచోట ఇచ్చేయి, నిమజ్జనం వాళ్లు చూసుకుంటారు. చేతులకు అంటిన బంతి వాసన రాత్రి దాకా పోదు.

పూలు కొన్నాక అక్కడే నాలుగు సీతాఫలాలు తీసుకో. బియ్యం డబ్బా లేకపోతే ఏం, పాత టీషర్టులో చుట్టి అల్మారాలో పెట్టు, మూడు రోజుల్లో పండుతాయి. కార్తీకం దాటితే మంచి కాయ దొరకదు. సంచి తీసుకుపో.