నాలుగు కొవ్వొత్తుల ఎదురుచూపు: క్యాథలిక్ ఇళ్లలో ఆగమన కాలం



పోయిన వీడియోలో ధనుర్మాసం గురించి చెప్పుకున్నాం కదా. దాదాపు అవే రోజుల్లో క్యాథలిక్ ఇళ్లలో కూడా ఒక ఎదురుచూపు నడుస్తుంటుంది. ఇంగ్లీషులో అడ్వెంట్, మన తెలుగు చర్చిల్లో ఆగమన కాలం అంటారు. మనలో చాలామందికి క్రిస్మస్ అంటే డిసెంబర్ 25, కేకు, స్టార్. అంతే. నాకూ అంతే తెలుసు, 2023లో ఆన్‌సైట్ పని మీద మ్యూనిక్ వెళ్లి ఒక క్యాథలిక్ కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకునేదాకా.

ముందు లెక్క చూద్దాం. నవంబర్ 30కి దగ్గరగా ఉన్న ఆదివారంతో మొదలై, క్రిస్మస్ లోపు నాలుగు ఆదివారాలు. అందుకే ఒక ఏడాది 22 రోజులే ఉంటుంది, ఇంకో ఏడాది 28 దాకా వెళ్తుంది. చర్చిలో ఫాదర్ ఊదా రంగు వస్త్రాలు వేసుకుంటారు, అది పశ్చాత్తాపానికి గుర్తు. అంటే ఇది పండగ కాదు, పండక్కి మనసు సిద్ధం చేసుకోవడం.

ఇంట్లో మాత్రం అంతా డైనింగ్ టేబుల్ చుట్టూనే. పచ్చటి కొమ్మలతో అల్లిన ఒక చక్రం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు. మొదటి ఆదివారం ఒకటి, తర్వాతి ఆదివారం రెండు, అలా నాలుగు. తమాషా ఏంటంటే, ఇది క్యాథలిక్కులు మొదలుపెట్టింది కాదు. 1839లో హాంబుర్గ్‌లో యోహాన్ విహెర్న్ అనే లూథరన్ పాస్టర్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. "క్రిస్మస్ ఎప్పుడు?" అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, చక్రం మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్లవి పెట్టి రోజుకొకటి వెలిగించాడట. మన భాషలో కౌంట్‌డౌన్ టైమర్! తర్వాత ఇళ్లలో చిన్నవి పోయి ఆదివారాల నాలుగే మిగిలాయి. చాలా దేశాల్లో మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు పెడతారు. ఆ గులాబీది మూడో ఆదివారానికి. దాని పేరు గౌదెతే, లాటిన్‌లో "ఆనందించండి" అని. మా ఇంటివాళ్లు మాత్రం నాలుగూ ఎర్రవే పెట్టారు.

డిసెంబర్ 4, సెయింట్ బార్బరా రోజున చెర్రీ కొమ్మ కోసి నీళ్లలో పెడతారు, క్రిస్మస్‌కి పూయాలని. 6న సెయింట్ నికొలస్, పిల్లల బూట్లలో మిఠాయిలు. పశువుల పాక బొమ్మల్లో తొట్టి ఖాళీగానే ఉంటుంది. పిల్లలు ఒక మంచి పని చేస్తే అందులో ఒక గడ్డిపోచ వేస్తారు. బాల ఏసు బొమ్మ 24 రాత్రే వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

మూడో ఆదివారం ఇంటి పెద్దావిడ అగ్గిపెట్టె నా చేతికిచ్చి, "ఈసారి నువ్వు వెలిగించు" అంది. చెయ్యి ఆగిపోయింది. దీపమే కదా అనుకోవచ్చు. కానీ వాళ్లకి అది ప్రార్థన. నమ్మకం లేకుండా వెలిగిస్తే వాళ్లని మోసం చేసినట్టు, వద్దంటే అవమానించినట్టు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. అగ్గిపెట్టె మనవడికిచ్చి, నా కుర్చీ దగ్గరికి లాగింది. వాళ్లు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను ఊరికే కూర్చున్నాను.

ఆ రాత్రి పన్నెండింటికి, అంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి, అమ్మకి ఫోన్ చేశాను. స్నానం చేసి దేవుడి దగ్గర కూర్చుని ఉంది. "ఈ టైమ్‌లో ఫోనేంట్రా, ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుపడింది. ఏం లేదు, చదువుకోమ్మా, వింటాను అన్నాను. ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క రోజూ ఆ టైమ్‌కి లేవలేదు మరి.

చెర్రీ కొమ్మ సంగతి చెప్పలేదు కదా. 24 సాయంత్రానికి రెండు మొగ్గలు విచ్చుకున్నాయి. మిగతావి జనవరి దాకా టైమ్ తీసుకున్నాయి.