నిరుటి ఫ్లూ టీకా ఈ ఏటికి సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు, షుగర్ ఉంది. నిరుడు ఫ్లూ టీకా వేయిస్తే మర్నాడే ఒళ్లు వెచ్చబడింది. 'ఒకసారి వేయించారుగా, మళ్లీ ఆ జ్వరం నాకెందుకు?' అంటున్నారు. వేయించాలా?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వేయించాల్సిందే. టీకా ఇచ్చే రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పైగా ఫ్లూ వైరస్ ఏటా ఎంతో కొంత రూపు మార్చుకుంటుంది. అందుకే టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో సూచిస్తుంది. 2020 మార్చి తర్వాత బి-యమగటా అనే రకం జాడే లేదు. దాంతో నాలుగు రకాల టీకా స్థానంలో మళ్లీ మూడు రకాలదే వస్తోంది.

పెద్దాయన చెప్పే జ్వరం మాట డాక్టర్లు తరచూ వినేదే. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలే.

ఎప్పుడు వేయించాలన్నదే అసలు సంగతి. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ ఉధృతి ఎక్కువ, చలికాలంలో మరోసారి తల ఎత్తుతుంది. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక తొలకరికి ముందే మేలు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలకు సెప్టెంబరు, అక్టోబరు సరైన నెలలు. అక్కడ 65 దాటినవారికి ప్రత్యేకంగా సూచించే టీకాల్లో నాలుగింతల మోతాదుది ఒకటి.

టీకా తర్వాతా ఫ్లూ రావచ్చు, కానీ న్యుమోనియాతో ఆసుపత్రి పాలయ్యే ముప్పు తగ్గుతుంది. గతంలో టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.