పురుగు కాని ఓడపురుగు

సముద్రపు నీటిలో చాలాకాలం నిలిచిన కొయ్యదుంగ పైకి గట్టిగానే కనిపిస్తుంది. గొడ్డలితో చీల్చి చూస్తే లోపలంతా తేనెపట్టులా గుల్లబారి ఉంటుంది. వేలు పట్టేంత సొరంగాలు, వాటి గోడలకు సున్నం పూసినట్లు తెల్లని పొర, ఒక్కొక్క సొరంగంలో మెత్తని, పొడవైన, పాలిపోయిన ఒక ప్రాణి. చూసినవారెవరైనా దానిని పురుగనే అంటారు. ఓడపురుగు అనే పేరు ఆ రూపాన్ని బట్టి వచ్చినదే. కాని శాస్త్రదృష్టిలో ఇది పురుగు కాదు. ఆలిచిప్పకు, ముత్యపుచిప్పకు దాయాది. మొలస్కా వర్గంలో, రెండు చిప్పల జీవుల విభాగంలో, టెరిడినిడే అనే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో సుమారు 70 జాతులు ఉన్నాయి.

ఈ ప్రాణి ఎవరి బంధువన్న ప్రశ్న ఒకప్పుడు ఒక దేశాన్నే కలవరపెట్టిన ఆపద నడుమ పరిశీలనకు వచ్చింది. నెదర్లాండ్స్‌లో చాలా భూభాగం సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. అక్కడి ప్రజలకు కరకట్టలే ప్రాణాధారం. అలల తాకిడిని ఆపడానికి ఆ కట్టల ముందు వరుసలుగా కొయ్య గుంజలు పాతేవారు. 1730, 1731 సంవత్సరాలలో ఆ గుంజలు పుల్లల్లా విరిగిపడసాగాయి. ఇది దైవాగ్రహమని బోధకులు ప్రకటించారు. ప్రజలు ప్రార్థనలు చేశారు. మందులు, పూతలు సూచించినవారికి కొదవ లేదు. చివరకు కొయ్యను నమ్ముకోవడం మాని, కట్టల వాలుకు రాళ్లు పరచవలసి వచ్చింది. రాయి దొరకని ఆ దేశానికి ఇతర దేశాల నుండి దానిని తెప్పించడం సామాన్యమైన భారం కాదు.

ఆ సంక్షోభ కాలంలోనే, 1733లో, గాట్‌ఫ్రీడ్ సెలియస్ అనే పండితుడు ఈ ప్రాణిని గురించి ఒక గ్రంథం వెలువరించాడు. దాని శరీర నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలించి, ఇది చిప్పజీవుల జాతిలోనిదని చూపాడు. అయినా ఆ మాట వెంటనే చెల్లుబాటు కాలేదు. వర్గీకరణ శాస్త్రానికి పునాదులు వేసిన లిన్నేయస్ 1758లో దీనికి టెరిడో నవాలిస్ అని నామకరణం చేస్తూ, వానపాము, జలగ ఉన్న సమూహంలోనే చేర్చాడు. అంతటి మహాశాస్త్రజ్ఞుని చూపు కూడా ఆకారం దగ్గరే ఆగిపోయింది!

అసలు చిప్పలు ఎక్కడున్నాయి? తల వైపున ఉన్నాయి. శరీరమంతటినీ కప్పవలసిన రెండు చిప్పలు ఇక్కడ చిన్నవైపోయి, ముందు కొనకు పరిమితమయ్యాయి. వాటిపై ఆకురాయి పళ్లవంటి సన్నని గరుకు వరుసలుంటాయి. ఈ చిప్పలను అటూ ఇటూ ఆడిస్తూ ప్రాణి కొయ్యను రాచి తొలుస్తుంది. డింభక దశలో గుండుసూది తలంత రంధ్రం చేసుకొని లోపలికి వెళ్లిన జీవి, పెరిగిన తరువాత ఆ రంధ్రం గుండా బయటికి రాలేదు. తాను తొలిచిన సొరంగమే దానికి జీవితాంతం నివాసం. తోక చివర రెండు నాళాలను మాత్రం బయటి నీటిలోకి చాచి, శ్వాసకు కావలసిన నీటిని తీసుకుంటూ విడుస్తూ ఉంటుంది. కొయ్యలోని సెల్యులోజ్‌ను జీర్ణించుకోవడానికి దాని మొప్పలలో నివసించే బాక్టీరియా తోడ్పడుతుంది.

ఇక కుటుంబంలోని జాతులను ఒకదాని నుండి మరొకదానిని వేరుచేయడమే కష్టం. తల వైపు చిప్పల రూపం తొలిచే కొయ్యను బట్టి, పరిసరాలను బట్టి మారుతుంది. కనుక అది నమ్మదగిన గుర్తు కాదు. నమ్మదగినది రెండవ కొనన ఉంది. నాళాల పక్కన రెండు చిన్న సున్నపు పలకలుంటాయి. ఆపద వచ్చినప్పుడు ప్రాణి నాళాలను లోపలికి లాక్కొని ఈ పలకలతో ద్వారానికి బిరడా బిగిస్తుంది. టెరిడో ప్రజాతిలో ఇవి తెడ్డు ఆకారంలో ఉంటాయి. బాంకియా ప్రజాతిలో దొంతరగా పేర్చిన గరాటాలవలె, పక్షి ఈకను తలపిస్తూ ఉంటాయి. అయితే పలకలు కూడా వయసుతో అరుగుతాయి, ఆకారం మారతాయి. వెనుకటి పరిశోధకులు ఇటువంటి ఒక్కొక్క నమూనాను చూసి ఒక్కొక్క కొత్త పేరు పెట్టడంతో పేర్లు గుట్టలుగా పెరిగాయి. అమెరికా శాస్త్రజ్ఞురాలు రూత్ టర్నర్ ఆ పేర్లన్నింటినీ పరిశీలించి, ఒకే జాతికి చెందినవాటిని ఒకచోట చేర్చి, 1966లో సచిత్రమైన పట్టికను ప్రచురించింది. ఈ కుటుంబాన్ని అధ్యయనం చేసేవారికి నేటికీ అదే ఆధారం. మొప్పలలోని బాక్టీరియాకు 2002లో టెరిడినిబాక్టర్ టర్నరే అని పేరు పెట్టడం ఆమె గౌరవార్థమే.

ఈ విభజన పండితుల ముచ్చట మాత్రమే కాదు. బాంకియా అండాలను నీటిలోకి వదులుతుంది. వాటి డింభకాలు ప్రవాహాలలో దూరంగా కొట్టుకుపోతాయి. లైరోడస్ ప్రజాతిలోని కొన్ని జాతులు పిల్లలను మొప్పలలోనే పెంచి, కొయ్యను పట్టుకోగల దశలో విడిచిపెడతాయి. అవి పక్క గుంజనే ఆశ్రయిస్తాయి. ఏ రేవులో ఏ జాతి ఉన్నదో తెలియనిదే ముప్పు ఎటు నుండి వస్తుందో తెలియదు. విశాఖపట్నం రేవులో కొయ్యను తొలిచే జీవులను గురించి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు 1950లలోనే పరిశోధనలు చేశారు.

కొయ్యతో సంబంధమే లేని సభ్యులు కూడా ఈ కుటుంబంలో ఉన్నారు. కూఫస్ అనే జీవి బురదలో నిలువునా పాతుకొని, మీటరుకు మించిన సున్నపు గొట్టంలో నివసిస్తుంది. దాని ఖాళీ గొట్టాలు శతాబ్దాలుగా తెలిసినవే. సజీవంగా దొరికిన కూఫస్‌ను శాస్త్రీయంగా పరీక్షించిన వివరాలు మాత్రం ఫిలిప్పీన్స్ నుండి 2017లో వెలువడ్డాయి. రెండేళ్ల తరువాత, 2019లో, అదే దేశంలోని అబాటన్ నదిలో సున్నపురాయిని తొలిచి మింగి, ఇసుకగా విసర్జించే మరొక జీవిని వర్ణించారు. దానికి లిథోరెడో అబాటానికా అని పేరు. అది ఉండేది మంచినీటిలో, తినేది రాయి. అయినా తోక చివర ఆ రెండు పలకలు దానికీ ఉన్నాయి.